ఐసిస్, తాలిబాన్ ఏ మస్లక్ (మతంలోని ఆలోచనా శాఖ) వాళ్లు? కాజీపేట దర్గాకు వెళ్లే ముస్లింలకూ వాళ్లకూ మతపరంగా సంబంధం ఉందా?

ఈ ప్రశ్నలో తేల్చాల్సినవి రెండు విషయాలు: ఐసిస్, తాలిబాన్ లాంటి వాళ్లు అసలు ముస్లింలేనా అని ఒకటి, మన వరంగల్, హన్మకొండ దిక్కు కనిపించే ముస్లింలతో వాళ్లను ఎక్కడ కలపాలి, ఎక్కడ విడదీయాలి అని ఇంకొకటి.

మొదటిదానికి జవాబు చిన్నది. ముస్లింలే. వాళ్లను చాలా ఘాటుగా తిట్టిన ఉలేమాలో (మత పండితుల్లో) కూడా ఎక్కువమంది ఈ మాట కాదనరు. 2014 డిసెంబర్‌లో కైరోలోని పేరున్న సున్నీ విద్యాపీఠం అల్-అజహర్ ఐసిస్‌ను ఖండిస్తూనే, వాళ్లను కాఫిర్లని (అవిశ్వాసులని) ప్రకటించడానికి మాత్రం నిరాకరించింది. అప్పుడు చాలామంది అది మెతకతనం అన్నారు. నిజానికి అక్కడున్న చిక్కు వేరు. ఒక ముస్లింను 'నువ్విక ముస్లింవి కావు' అని తేల్చడాన్ని తక్ఫీర్ అంటారు. ఐసిస్ సాటి ముస్లింలను చంపేది సరిగ్గా ఆ తక్ఫీర్ పేరు మీదనే. అజహర్ కూడా అదే పని చేస్తే గొడవంతా ఎవరి తక్ఫీర్ చెల్లుతుంది అన్న దగ్గరికి వస్తుంది.

ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) గ్రంథాల్లో తక్ఫీర్‌కు షరతులు గట్టిగా ఉన్నాయి. మనిషి యుక్తవయసు వచ్చినవాడై, మతి స్థిమితం ఉన్నవాడై ఉండాలి. తెలియక చేసి ఉండకూడదు, బలవంతం మీద చేసి ఉండకూడదు, వచనాన్ని పొరపాటుగా అర్థం చేసుకుని చేసి ఉండకూడదు. ఇవన్నీ విచారించి చెప్పాల్సింది ఖాజీ, అంటే మత న్యాయమూర్తి. అంటే మొత్తం మూడు మెట్లు: ఫలానా పని తప్పు అనడం మొదటిది, ఆ పని చేసిన ఫలానా మనిషి మతం నుంచి బయటికి పోయాడనడం రెండోది, అతనికి శిక్ష వేయడం మూడోది. మొదటి మెట్టు మీద ఎంత కఠినంగా మాట్లాడేవాళ్లయినా, రెండోది ఖాజీకి, మూడోది రాజ్యానికి వదిలేస్తే వాళ్ల వల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. ఐసిస్ లాంటివి మూడు మెట్లూ ఒక్క అంగలో దిగుతాయి. ఒక గుంపు మతపరంగా ఏమిటో తెలుసుకోవడానికి నేను ముందు చూసేది ఇదే, గడ్డం పొడవు కాదు.

ఇది కొత్త రోగం కాదు. 657లో సిఫ్ఫీన్ యుద్ధంలో నాలుగో ఖలీఫా హజ్రత్ అలీ మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నందుకు 'తీర్పు అల్లాహ్‌దే' అంటూ ఆయన పక్షం నుంచి విడిపోయిన వాళ్లు ఖవారిజ్‌లు. 658లో నహ్రవాన్ దగ్గర ఆయన వాళ్లతో యుద్ధం చేసి ఓడించాడు. 661లో వాళ్లలో ఒకడే ఆయన్ను చంపాడు. అయినా 'వాళ్లు ముష్రికులా (అల్లాహ్‌కు సాటి కల్పించేవాళ్లా)?' అని అడిగితే 'మన సోదరులే, మన మీద తిరగబడ్డారు' అని ఆయన అన్నట్టు ఉల్లేఖనం ఉంది. అందుకే ఈనాటి ఉలేమా ఐసిస్‌ను ఖవారిజ్ అని పిలిచినప్పుడు 'ముస్లింలు కారు' అని చెబుతున్నారని అనుకోవద్దు. తిరుగుబాటుదార్లు, వాళ్లతో పోరాడవచ్చు అని దాని భావం. 2005లో అమ్మాన్‌లో దాదాపు 200 మంది పండితులు కూడి నాలుగు సున్నీ మజ్హబ్‌లు (ఫిఖ్ సంప్రదాయాలు), షియాల జాఫరీ, జైదీ, ఇంకా ఇబాదీ, జాహిరీ అనుసరించేవాళ్లంతా ముస్లింలేనని, వాళ్ల మీద తక్ఫీర్ కుదరదని ఒప్పుకున్నది కూడా ఈ రోగానికి మందుగానే.

ఇక గుంపుల గుర్తింపు. సున్నీనా షియానా, ఏ మజ్హబ్, ఏ మస్లక్, ఎవరి మీద తక్ఫీర్ చేస్తారు, ఈ వరుసలో అడిగితే తికమక తగ్గుతుంది. తాలిబాన్ సున్నీలు, హనఫీ మజ్హబ్ వాళ్లు, దేవ్‌బందీ (ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌బంద్ మదరసా బాటలో నడిచే) మదరసాల నుంచి వచ్చినవాళ్లు. అల్-ఖైదా, ఐసిస్ సలఫీ (తొలి తరాల ముస్లింల బాటే సరైనదనే) జిహాదీలు, కానీ రెండూ ఒకటి కావు. 2014లో ఐసిస్ నాయకుడు బగ్దాదీ ఖలీఫానని ప్రకటించుకుంటే అల్-ఖైదా ఒప్పుకోలేదు. అఫ్గానిస్తాన్‌లో ఐసిస్ శాఖ తాలిబాన్‌నే ముర్తద్‌లంటూ (మతం విడిచినవాళ్లంటూ) బాంబులు పెడుతోంది. లష్కరే తయ్యిబా అహ్లె హదీస్ (మజ్హబ్‌లను కాక నేరుగా ఖురాన్, హదీస్‌లనే అనుసరిస్తామనే మస్లక్), జైషే మహమ్మద్ దేవ్‌బందీ. హమాస్ సున్నీ, ముస్లిం బ్రదర్‌హుడ్ నుంచి పుట్టింది. హిజ్బుల్లా పన్నెండు ఇమాముల షియా, యెమెన్ హూతీలు జైదీ షియా. వీళ్లందరినీ కలిపి 'వహాబీలు' (సౌదీలో పుట్టిన ఒక సున్నీ సంస్కరణవాదం వాళ్లు) అని రాసే వార్త కనిపిస్తే రాసినవాడికి విషయం తెలియదని అర్థం. షియాలను వహాబీలనడం మరీ విడ్డూరం.

మన దిక్కు మాటకొస్తే, పండుగలూ మొక్కులూ చూడండి. కాజీపేటలో అఫ్జల్ బియాబానీ దర్గా ఉర్సు, అన్నారం దర్గా దగ్గర కందూర్లు (మొక్కు విందులు), ఊరూరా పీర్ల పండుగ. హిందువులు కూడా మొక్కే ఈ ఆచారాలన్నీ ఐసిస్ లెక్కలో షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించడం), చేసేవాళ్లు చంపదగినవాళ్లు. 2017 ఫిబ్రవరి 16న పాకిస్తాన్ సింధ్‌లోని సెహ్వాన్ దర్గాలో ఆత్మాహుతి దాడితో 80 మందికి పైగా చంపింది తామేనని ఐసిస్ చెప్పుకుంది. పేలుడు కాజీపేటలో జరిగి ఉంటే పోయేది మన పక్కింటివాళ్లే.

అట్లని దర్గాకు పోని ముస్లిం అంటే అనుమానించడం ఇంకో పెద్ద తప్పు. సమాధి దగ్గర మొక్కడం షిర్క్ అని అహ్లె హదీస్ వాళ్లూ అంటారు, దేవ్‌బందీలూ చాలా ఆచారాలను బిద్అత్ (మతంలో లేని కొత్త పోకడ) అంటారు. కానీ అది మొదటి మెట్టు మాత్రమే. నమాజులో చేతులు ఛాతీ మీద కట్టుకోవడం, 'ఆమీన్' పైకి అనడం, రంజాన్ రాత్రుల తరావీహ్ నమాజు ఇరవై రకాతులకు (నమాజు భాగాలకు) బదులు ఎనిమిది చదవడం, ఇవి ఫిఖ్ తేడాలు. వీటికీ తుపాకీకీ సంబంధం లేదు. ఒక్కసారే చెప్పిన మూడు తలాక్‌లను ఒక్కటిగానే లెక్కపెట్టేది కూడా ఈ అహ్లె హదీస్‌లే.

'సూఫీలు మంచివాళ్లు, మిగతావాళ్లు ప్రమాదం' అన్న సూత్రం కూడా నిలబడదు. 2011లో పాకిస్తాన్ పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను కాల్చి చంపిన అంగరక్షకుడు బరేల్వీ, దర్గాలను గౌరవించే మస్లక్ అది. దైవదూషణ ఆరోపణ పేరుతో తీర్పూ శిక్షా ఆ అంగరక్షకుడే అమలు చేశాడు. మస్లక్ వేరు, చేసిన పని అదే.

దేవ్‌బంద్ సంగతి దీనికి తిరగేసిన ఉదాహరణ. 1866లో పుట్టిన ఆ మదరసాలో చదివి, అక్కడే పాఠం చెప్పిన మౌలానా అబ్దుల్ హక్ 1947లో ఇప్పటి పాకిస్తాన్‌లో అకోరా ఖట్టక్‌లో హక్కానియా మదరసా పెట్టారు. తాలిబాన్ నాయకుల్లో చాలామంది చదివింది అందులోనే. అదే దేవ్‌బంద్‌లో హదీస్ చెప్పిన హుస్సేన్ అహ్మద్ మదనీ హిందూ ముస్లింలు ఒకే జాతి అని వాదించి దేశ విభజనను వ్యతిరేకించారు. 2008లో ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని ప్రకటించింది కూడా ఆ దేవ్‌బందే. పాఠ్యపుస్తకాలు దాదాపు అవే. హక్కానియాకు అదనంగా దొరికింది సరిహద్దు అవతల సోవియట్‌లతో యుద్ధం, శరణార్థి శిబిరాల్లో పెరిగిన పిల్లలు, అప్పటి పాకిస్తాన్ పాలకుడు జియావుల్ హక్ ప్రభుత్వం అండ. కాబట్టి మీ వీధి మసీదుకు తబ్లీగ్ జమాత్ (ముస్లింలకు మత ఆచరణ గుర్తు చేస్తూ తిరిగే బృందం) వచ్చిందంటే, వాళ్లూ దేవ్‌బందీలే కదా అని తాలిబాన్‌తో కలపకండి. తబ్లీగ్ వాళ్లు రాజకీయాల మాటే ఎత్తరు. ఆ కారణంగానే వాళ్లంటే జిహాదీలకు పడదు.