షిప్పులో ఒక్కదాన్నే వెళ్ళొచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం అండి, టీచరుగా రిటైరయ్యాను, మావారు పోయి మూడేళ్ళు. క్రూజ్ ఎక్కాలని ఎప్పట్నుంచో కోరిక, తోడు ఎవరూ రావట్లేదు, ఒంటరిగా వెళ్తే ఏమన్నా ఇబ్బందా?

జవాబు: వెళ్ళండమ్మా, తోడు కోసం చూస్తూ కూర్చోకండి. ఇబ్బందల్లా డబ్బు దగ్గరే, క్యాబిన్ రేటు ఇద్దరుంటారని లెక్కేసి పెడతారు, ఒక్కరే ఎక్కితే రెండో మనిషి ఛార్జీ కూడా చాలాసార్లు మన మీదే పడుద్ది, అందుకే బుక్ చేసేముందు సింగిల్ సప్లిమెంట్ ఎంతో గట్టిగా అడగండి. 2010లో వచ్చిన నార్వేజియన్ ఎపిక్ షిప్పులో ఒక్కరికోసమే చిన్న స్టూడియో గదులు పెట్టారు, తర్వాత ఇంకొన్నిట్లోనూ వచ్చాయి. కడుపులో తిప్పుద్దని భయముంటే షిప్పు మధ్యలో, కింది డెక్కులో గది తీసుకోండి, ఊపు అక్కడే తక్కువ.

భోజనానికి నలుగురు కూర్చునే టేబులే అడగండి, మన కోనసీమ పెళ్ళిపంక్తిలో పక్కన కూర్చున్నోళ్ళు ఇట్టే చుట్టాలైపోరూ, అలాగే. లైఫ్‌జాకెట్ డ్రిల్ మాత్రం దయచేసి ఎగ్గొట్టొద్దు, 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు మన గోదారోళ్ళం పడ్డ ఏడుపు నాకింకా గుర్తే. బీపీ మాత్రలు చేతిసంచిలోనే పెట్టుకోండి, పెద్ద సూట్‌కేసు గదికి చేరేసరికి సాయంత్రమైపోవచ్చు.