కాడ మీది గుడ్డు దగ్గర మొదలుపెట్టు

మలక్‌పేట, హైదరాబాద్

తమ్ముడూ,

అల్లిక రెక్కల పురుగుల (లేస్‌వింగ్స్) మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాటి క్రైసోపిడే కుటుంబంలో సుమారు 1,400 జాతులు, 80 దాకా ప్రజాతులు, మూడు ఉపకుటుంబాలు అంటూ మొదటి పేరాలోనే అంతా గుమ్మరించేశావు. లెక్క సరైనదే. కానీ రాజేంద్రనగర్‌లో పత్తి మొక్కల మధ్య నిలబడి ఫోన్ చేశావే, అప్పటి హుషారు ఇందులో ఏదీ?

ఆకు మీద వెంట్రుకల్లాంటి కాడలు, ఒక్కో కాడ కొసన ఒక్కో గుడ్డు. అక్కడ మొదలుపెట్టు. చైనా, కొరియాల్లో ఈ గుడ్లనే అరుదైన మేడిపువ్వు అనుకుని మురిసిపోయినవాళ్లున్నారు. మేడిపండు విప్పితే పురుగులని చిన్నప్పుడే చదువుకున్న మనకి నవ్వు రాదూ!

ఇక వర్గీకరణ. ప్రతి పేరు దగ్గరా ఆగి, దేన్ని చూసి వేరు చేశారని అడుగు. ఎక్కువ జాతులున్న క్రైసోపినే ఉపకుటుంబానికి ముందు రెక్కల మొదట్లో చిన్న చెవి ఉంటుంది. రాత్రి ఎగురుతుండగా గబ్బిలం కూత వినబడితే చాలు, రెక్కలు ముడిచి కిందికి రాలిపోతాయి. నోతోక్రైసినేకి ఆ చెవి లేదు. నీ వ్యాసంలో ఈ రెండూ ఉత్త పేర్లుగానే ఉన్నాయి.

వీటిలోనే క్రైసోపెర్లా అనే ప్రజాతి సంగతి ఇంకా చిత్రం. జత కోసం పొట్ట ఆడిస్తూ కొమ్మను వణికిస్తాయి. అదే వాటి పాట, మన చెవికి అందదు. కంటికి ఒకేలా కనిపించే జాతులు ఆ పాటలోనే తేడాగా దొరికిపోయాయి. మన పొలాల్లో ఏళ్ల తరబడి క్రైసోపెర్లా కార్నియా అని పిలిచింది నిజానికి క్రైసోపెర్లా జాస్ట్రోవి సిల్లేమి అని 2010లో ప్రకటించారు. ఆ తర్వాత కూడా నేను పాత పుస్తకం చూసి కార్నియా అనే రాసేశాను. ఒక పాఠకుడు ఫోన్ చేసి చెబితే సిగ్గుతో చచ్చాను. పేరు రాసే ముందు ఇప్పటికీ టెన్షనే.

ఇంకోటి. పిల్లపురుగు కొడవలి దవడలతో పేనుబంకను గుచ్చి పీల్చేస్తుందని రాయక, 'మృదుదేహ కీటకాలను భక్షించును' ఏమిటి? రైతు చదవొద్దా? చీమల కోసం ఇసుకలో గుంట తీసే పురుగుల పేరా మాత్రం కొట్టేశాను. అది వేరే కుటుంబం, వేరే వ్యాసం.

ఆదివారం సాయంత్రం ఇటు రా. మా బాల్కనీలో మందారానికి పేనుబంక పట్టింది. మందు కొట్టలేదు, ఒక ఆకు కింద ఏవో కాడలు కనిపిస్తున్నాయి. భూతద్దం నువ్వే తెచ్చుకో, నాది పగిలింది.

మీ అన్నయ్య