బ్రాకాన్‌లో ఆడవి ఎందుకు తగ్గుతాయి?

ప్రశ్న: కొబ్బరి నల్లతల గొంగళిపురుగు నివారణ కోసం బ్రాకాన్ హెబెటార్ అనే పరాన్నజీవి కందిరీగను కార్సైరా (బియ్యపు చిమ్మట) లార్వాలపై పెంచుతున్నాం. కొన్ని తరాలుగా మగవే ఎక్కువగా వస్తున్నాయి. క్రోమోజోములు చూసి కారణం తేల్చవచ్చా?
– ల్యాబ్ సహాయకురాలు, అమలాపురం

జవాబు: తేల్చవచ్చు. కానీ స్లైడు జోలికి వెళ్లేముందు గుడ్లు లెక్కపెట్టండి. జతకట్టని తల్లి గుడ్లన్నీ 10 క్రోమోజోములతో మగవే అవుతాయి, మామూలుగానే పగులుతాయి. ఫలదీకరణ జరిగిన గుడ్డులో 20 ఉంటాయి. అందులో లింగాన్ని నిర్ణయించే జన్యువు రెండు ప్రతులూ వేరువేరుగా ఉంటేనే ఆడది పుడుతుంది. దగ్గరి చుట్టాలు జతకట్టి ఆ రెండూ ఒకటే అయితే 20 క్రోమోజోముల మగది తయారవుతుంది. బ్రాకాన్‌లో ఇలాంటివి చాలావరకు గుడ్డు దశలోనే చనిపోతాయి. జతకట్టిన తల్లుల గుడ్లు మాత్రమే పగలకుండా మిగులుతుంటే అనుమానం బలపడినట్టే. జతకట్టిన, జతకట్టని తల్లుల గుడ్లు రెండూ బాగానే పగులుతుంటే, అసలు జతలు కుదురుతున్నాయో లేదో చూసుకోండి.

స్లైడుకు చాలామంది గూడు కట్టిన ప్రిప్యూపా (ప్యూపాగా మారబోయే లార్వా) మెదడు వాడతారు. మీ ప్రశ్నకు అది చాలదు. 20 కనిపించినా అది ఆడదో, ద్వయస్థితిక (రెండు జట్ల క్రోమోజోములున్న) మగదో తెలియదు. కళ్లకు రంగెక్కని తెల్లటి మగ ప్యూపా తీసుకోండి. మగదానికి యాంటెన్నాలు పొడవు, పొత్తికడుపు చివర గుడ్లు పెట్టే ముల్లు ఉండదు. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము సోడియం సిట్రేట్, 5 మి.గ్రా. కాల్చిసిన్ (కణవిభజనను ఆపే మందు) కలపండి. కాల్చిసిన్ విషం, గ్లౌజులు తప్పనిసరి. ఆ ద్రావణంలోనే వృషణాలను విడదీసి, అంటుకున్న కొవ్వంతా సూదితో తీసేయండి. కొవ్వు మిగిలితే కణాలు పరుచుకోవు. అరగంట చీకట్లో ఉంచితే చాలు. మరీ ఎక్కువసేపు ఉంచితే క్రోమోజోములు పొట్టిగా ముద్దకట్టి లెక్కకు అందవు.

తర్వాత స్లైడు మీదకు మార్చి, ద్రావణం వంపేసి, ఇథనాల్, గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం, నీరు 3:3:4 పాళ్లలో కలిపిన చుక్కలో రెండు సన్నని సూదులతో చిదపండి. అది ఆరిపోకముందే ఇథనాల్–ఎసిటిక్ ఆమ్లం 1:1 మిశ్రమం రెండు చుక్కలు, ఆపైన ఒట్టి ఎసిటిక్ ఆమ్లం రెండు చుక్కలు వేయాలి. ఒకరోజు ఆరాక పీహెచ్ 6.8 బఫర్‌లో కలిపిన 5 శాతం జీమ్సా అనే రంగుద్రావణంతో రంగు వేయండి. ఒక్క కణం చూసి నిర్ణయానికి రాకండి. మామూలు మగదానిలోనూ కొన్ని కణాల్లో క్రోమోజోములు రెట్టింపై ఉండవచ్చు. బాగా విడివడిన కణాలు కనీసం పదైనా లెక్కించాలి.

మగవాటిలో 20 అని తేలితే వేరే ప్రాంతం నుంచి తెచ్చిన, చుట్టరికంలేని పురుగులను మీ పెంపకంలో కలపండి. ఇదొక్కటే అసలైన మందు.

ప్రశ్న: పురుగుల గుడ్లలో పెరిగే ట్రైకోగ్రామా కందిరీగలకూ ఇదే లెక్కా?
– వ్యవసాయ డిప్లొమా విద్యార్థి, నంద్యాల

జవాబు: కాదు. వాటిలో మగదానికి 5, ఆడదానికి 10 క్రోమోజోములు. లింగనిర్ణయం పైన చెప్పిన పద్ధతిలో జరగదు. కొన్ని వంశాల్లో జతకట్టని తల్లి కూడా ఆడపిల్లల్నే ఇస్తుంది. దానికి కారణం వోల్బాకియా అనే బాక్టీరియా. అది ఉన్న గుడ్డులో మొదటి విభజనప్పుడు క్రోమోజోములు విడిపోక 5 కాస్తా 10 అవుతాయి. తల్లులకు తేనెలో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపి పెడితే తర్వాతి సంతానంలో మళ్లీ మగవి కనిపిస్తాయి.