బరంపురం నుంచి తక్కువ ఖర్చుతో కుటుంబంతో పణజి వెళ్లడం ఎలా?

పిల్లలు, అత్తమామలతో గోవా రాజధాని, కాసినోల (జూదశాలల) ఊరైన పణజికి వెళ్లి తక్కువ ఖర్చులో రావచ్చా అని అడిగారు. తప్పకుండా రావచ్చు.

ముందు కాసినో సంగతి. 21 ఏళ్లు నిండనివాళ్లను లోపలికి రానివ్వరు. పెద్దవాళ్లకు తలా ఒక ఎంట్రీ ఫీజు, ఆట డబ్బు వేరే. పిల్లల్ని బయట ఉంచి వెళ్లడం నాకు అస్సలు నచ్చదు, కాసినో మాట వదిలేయండి. సాయంత్రం మాండోవి నది ఒడ్డున నడిస్తే కాసినో ఓడల దీపాలన్నీ ఉచితంగానే కనిపిస్తాయి.

మన బరంపురంలో ఆగే అమరావతి ఎక్స్‌ప్రెస్ నేరుగా గోవాలోని మడగావ్ వెళ్తుంది. దూద్‌సాగర్ జలపాతం ఆ దారిలోనే ఉంది, పిల్లలకు కిటికీ సీటు ఇవ్వండి. స్లీపర్ టికెట్లు ముందే తీసుకోండి, పెద్దవాళ్లకు లోయర్ బెర్త్ అడగండి. మొదటి రోజుకు పులిహోర కట్టుకుంటే చాలు.

మడగావ్ నుంచి పణజికి కదంబ బస్సులు (గోవా ప్రభుత్వ బస్సులు) ఉంటాయి. బస్టాండు దగ్గర్లోనే గది తీసుకుంటే టాక్సీ ఖర్చు తగ్గుతుంది. గోవాలో బడ్జెట్‌ను తినేసేది టాక్సీలే. పాత గోవా చర్చిలకు సిటీ బస్సు చాలు.

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మాత్రం వెళ్లకండి, గదుల రేట్లు మండిపోతాయి. వానాకాలంలో గదులు చవకే కానీ పిల్లల్ని సముద్రంలోకి దింపొద్దు.