పికప్ కొనేముందు డ్రైవర్ డోర్ తీసి ఆ స్టిక్కర్ చదవండి

మీరు అడిగింది: డల్లాస్ పక్కన ఇల్లు, ఇద్దరు పిల్లలు, రోజూ ఆఫీసు, ఏడాదికి నాలుగైదుసార్లు ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించే చక్రాల ఇల్లు) లాగడం. ఫోర్డ్ ఎఫ్-150 పికప్ తీసుకోవచ్చా, 2.7 లీటర్ల ఇంజన్ చాలా, ఎనిమిది సిలిండర్ల వీ8 కావాలా అని. నేను డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో మూడేళ్ళుగా 2021 మోడల్ 2.7, నాలుగు తలుపుల సూపర్‌క్రూ నడుపుతున్నాను.

ఇంజన్ గురించి టెన్షన్ వద్దు. 2.7 టర్బోకి 400 పౌండ్-ఫీట్ టార్క్ (లాగే బలం) ఉంది, 5.0 వీ8కి 410. వీ8 చప్పుడంటే ఇష్టమైతే అది వేరే సంగతి.

నేను దెబ్బతిన్నది పేలోడ్, అంటే బండి మోయగల బరువు దగ్గర. కొనేటప్పుడు సేల్స్‌మన్ "పదివేల పౌండ్లు లాగుతుంది సార్, మీ ట్రైలర్ ఎంత?" అన్నాడు. నమ్మేశాను. డ్రైవర్ డోర్ తీస్తే పిల్లర్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. నా బండికి 1,480 పౌండ్లు. ట్రైలర్ నీళ్ళతో, సామానుతో కలిపి 6,000 అయింది. దాని బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుంది, దాన్నే టంగ్ వెయిట్ అంటారు, అదీ ఆ 1,480లోకే వస్తుంది. 13 శాతం వేసుకుంటే 780. మేం నలుగురం 520. హిచ్ సరంజామా 80. మిగిలింది వంద పౌండ్లు! రెండు సైకిళ్ళు, ఒక కూలర్ ఎక్కిస్తే అయిపోయింది. లాగగలగడం వేరు, మోయగలగడం వేరు. పైగా ఒకే మోడల్లో కూడా ట్రిమ్ (ఫీచర్లను బట్టి ఉండే వెర్షన్) పెరిగేకొద్దీ, సన్‌రూఫ్ లాంటివి చేరేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. కాబట్టి బ్రోషర్ కాదు, మీరు కొనబోయే బండి స్టిక్కరే ఫోటో తీసుకోండి.

కొనడం ఒక ఎత్తు, మేపడం ఇంకో ఎత్తు. మామూలుగా నాకు గాలన్‌కు 20 మైళ్ళు వస్తుంది, ట్రైలర్ తగిలిస్తే 10కి పడిపోతుంది. ఏడాదికి 15,000 మైళ్ళు తిరిగితే 750 గాలన్లు; గాలన్ 3 డాలర్లనుకున్నా 2,250 డాలర్లు. మా ఆవిడ హైబ్రిడ్ సెడాన్‌కి అందులో సగం కూడా కాదు. టైర్ల బిల్లు చూసిన రోజు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

గ్యారేజీ కూడా కొలవండి. సామాను పెట్టే అయిదున్నర అడుగుల బెడ్‌తోనే బండి దాదాపు 232 అంగుళాలు. మా గ్యారేజీ లోతు 240. షెల్ఫులన్నీ పీకేశాం.

సేఫ్టీ విషయంలో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ స్టార్లు చూసి మురిసిపోకండి. ముందు నుంచి ఢీకొట్టే టెస్టులో వచ్చిన స్టార్లను దాదాపు అంతే బరువున్న బండ్లతోనే పోల్చాలి, చిన్న కారుతో కాదు. లోపలున్న మనకు ఇంత బరువు మేలే. బయట ఉన్నవాళ్ళ సంగతే వేరు. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు ఢీకొంటే, 30 అంగుళాలలోపు వాలు బానెట్ ఉన్నవాటితో పోలిస్తే పాదచారి చనిపోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువని ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే భద్రతా పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2023లో తేల్చింది. మా చిన్నాడు ముందు నిలబడితే సీట్లోంచి కనపడడు, స్వయంగా చూసుకున్నాను. అందుకే ముందు కెమెరా లేని ట్రిమ్ మాత్రం వద్దు.

మీ ట్రైలర్ నిండా సామానుతో ఎంత తూగుతుందో, మీరు చూసిన బండి స్టిక్కర్‌పై ఎంతుందో ఇక్కడ పెట్టండి, లెక్క వేసి చెబుతాను.