బుధవారాలు మావారు డాన్సు క్లాసుకి వెళ్లేవారట!

ప్రశ్న: మా పెళ్లయి పన్నెండేళ్లు. బాల్‌రూమ్ డాన్సు మీద వచ్చిన ఓ రొమాంటిక్ కామెడీ చూశాక, మావారు నాకు చెప్పకుండా మూడు నెలలు వాల్ట్జ్ అనే జంట డాన్సు నేర్చుకున్నారు. బుధవారాలు ఆలస్యంగా వస్తుంటే ఏవేవో ఊహించుకుని కుమిలిపోయాను. కారు డిక్కీలో డాన్సు బూట్లు కనబడి అడిగితే, ‘నిన్ను సర్‌ప్రైజ్ చేద్దామని’ అన్నారు. ఇప్పుడు నన్నూ తీసుకెళ్తున్నారు. అక్కడ పాటపాటకీ జోడీలు మారుస్తారు, చూడలేకపోతున్నాను. ఇంట్లో ప్రాక్టీసు చేస్తే పది నిమిషాల్లో గొడవ. మానేయమని చెప్పనా?

జవాబు: ఇప్పుడే చెప్పకండి. మిమ్మల్ని ఎక్కువగా నొప్పించింది డాన్సు కాదు, దాచడం. 1996లో వచ్చిన జపాన్ సినిమా ‘షల్ వి డాన్స్’లోనూ ఓ ఉద్యోగి ఇంట్లో చెప్పకుండా డాన్సు నేర్చుకుంటాడు. భార్య అనుమానపడి డిటెక్టివ్‌ని పెడుతుంది. మనకు నిజం ముందే తెలుసు కనుక నవ్వుతాం, ఆవిడకి తెలియదు. మీవారు మిమ్మల్ని కూర్చోబెట్టింది ఆవిడ కుర్చీలోనే. క్లాసు లేని రోజు చూసి, ఆ బుధవారాలు మీరేం ఊహించుకున్నారో చెప్పండి. మీరు ముగించేదాకా ‘మంచికే కదా చేశాను’ అని అడ్డురావద్దని ముందే అడగండి.

జోడీలు మార్చడానికి కారణం ఉంది. ఎప్పుడూ ఒకరితోనే ఆడితే ఇద్దరికీ స్టెప్పుల వరస కంఠతా వచ్చేస్తుంది. నడిపించే మనిషి సరిగ్గా నడిపిస్తున్నాడో లేదో తేలదు. పైగా వాల్ట్జ్ పట్టులో, అంటే ఒకరినొకరు పట్టుకుని నిలబడే తీరులో, ఇద్దరూ సూటిగా ఎదురెదురుగా ఉండరు. ఆమె అతనికి కాస్త కుడివైపుగా నిలబడుతుంది, ఎవరి చూపు వారి ఎడమవైపుకి పోతుంది. కళ్లలో కళ్లు పెట్టి చూసుకోవడం చాలావరకు కెమెరా కోసమే. అయినా మనసొప్పకపోతే మీ ఇద్దరినీ జోడీగానే ఉంచమని టీచర్ని అడగండి. నేర్చుకోవడం కాస్త నెమ్మదిస్తుంది, అంతే. ఎవరో ఒకరితోనే ఆడాలని ఆయన పట్టుబడుతుంటే మాత్రం అది వేరే సంగతి, సూటిగా అడగాల్సిందే.

ఇక ఇంటి గొడవ. ఆయన మూడు నెలలు ముందున్నారు, అందుకే టీచరైపోతున్నారు! నేల మీద పెట్టె గీసినట్టు అడుగులు వేసే బాక్స్ స్టెప్‌లో ఆయన ఎడమకాలు ముందుకి, కుడికాలు పక్కకి, ఎడమకాలు దగ్గరికి. తర్వాత కుడికాలు వెనక్కి, ఎడమకాలు పక్కకి, కుడికాలు దగ్గరికి. మీవి దీనికి అద్దంలో బొమ్మలా సాగుతాయి. మామూలుగా తప్పు జరిగేది మొదటి అడుగులోనే. ఆయన శరీరాన్ని కదిలించకుండా చేత్తో నెడతారు, సాయం చేద్దామని మీరు ముందే ఊహించి కాలు వేస్తారు, మోకాళ్లు తగులుతాయి. కిందికి చూస్తే తల ముందుకి వాలి బ్యాలెన్సు ఇంకా చెడుతుంది.

అందుకని మొదట పాట వద్దు. పట్టులో నిలబడి, అడుగు వేయకుండా, బరువు ఒక కాలి నుంచి మరో కాలికి మార్చండి, రెండు నిమిషాలు. ఆ తర్వాతే బాక్స్, ‘ఒకటి, రెండు, మూడు’ అని పైకి లెక్కపెడుతూ. చివరి ఐదు నిమిషాలు మీరు నడిపించండి. ఎదురుచూడటం ఎంత కష్టమో ఆయనకి తెలిసేది అప్పుడే. ‘నువ్వు తప్పేశావ్’ అనే మాట ఇద్దరికీ నిషేధం. ‘నా బరువు ఏ కాలి మీదుందో తెలియలేదు’ అనొచ్చు. పావుగంటకి ఆపేయండి, బాగా వస్తున్నా సరే.

మీరు రబ్బరు అడుగున్న బూట్లతో ఆడుతుంటే మార్చండి. తిరిగేటప్పుడు అవి నేలని పట్టేసుకుంటాయి, మోకాలు మెలిపడుతుంది. మీ జత కూడా ఆయన బూట్ల పక్కనే, డిక్కీలో కాదు, గుమ్మం దగ్గర పెట్టుకోండి.