ఫ్యూజులో లావు తీగ వేయించమంటారా?

"ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తోంది, లావు తీగ వేస్తే పోదంటున్నారు, వేయించమంటారా?" అని అడిగారు. వద్దండీ బాబూ. మా పెదనాన్న వేశాడు, అదీ అక్క పెళ్ళి రాత్రి.

1998 ఎండాకాలం. పాత పెంకుటిల్లు, చెక్క బద్దెల మీద లాగిన వైరింగు, మీటరు పక్కన పింగాణీ ఫ్యూజులో 5 ఆంపియర్ల తీగ. వంటవాళ్ళు 1500 వాట్ల హీటరు పెట్టారు. అది లాగేది ఆరున్నర ఆంపియర్లు. అంతమాత్రానికి ఆ తీగ పోదు, ఓర్చుకుంది. బావ 1000 వాట్ల ఇస్త్రీపెట్టె కూడా పెట్టాడు. టప్. తీగ మార్చాం, మళ్ళీ టప్. మూడోసారికి పెదనాన్నకి ఒళ్ళు మండి, కాలిపోయిన మోటారులోంచి తీసిన రాగి తీగ రెండు పేటలు మెలేసి బిగించాడు. "ఇహ చచ్చినా పోదు" అన్నాడు. నిజంగానే పోలేదు. అది చూసి వంటవాళ్ళు రెండో హీటరూ పెట్టారు!

కరెంటు రెట్టింపైతే తీగలో వేడి నాలుగింతలవుతుంది. ఫ్యూజు తెగనని మొండికేస్తే ఆ వేడి గోడ మీది వైరు నెత్తిన పడుతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. వైరు మీది పీవీసీ తొడుగుకి 70 దాటితేనే కష్టం. కమురు వాసనొస్తుంటే హోమం పొగనుకున్నాం. బద్దె అంటుకుని మంట కనపడ్డాక మామయ్య పరిగెత్తి మెయిన్ దించేశాడు.

ఇప్పుడు ఫ్యూజుల బదులు కరెంటు ఎక్కువైతే తమంతట తామే పడిపోయే స్విచ్చులు, ఎంసీబీలున్నాయిగా అంటారు. ఏసీ వేస్తే 16 ఆంపియర్లది పడిపోతోందని, వైరు మార్చకుండా 32 ఆంపియర్లది బిగించి పోయే ఎలక్ట్రీషియన్లంతా మా పెదనాన్న వారసులే. ఇంకో రకం జనం ఉన్నారు: "ఫ్యూజుందిగా, షాక్ కొట్టదులే" అంటారు. మనిషి ప్రాణానికి 100 మిల్లీఆంపియర్లు చాలు. 5 ఆంపియర్ల ఫ్యూజుకి అది దోమ కుట్టినట్టు కూడా ఉండదు. దానికి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు మనిషి ఒంట్లోంచి భూమిలోకి లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చు, వేరే పెట్టించుకోవాలి.

మీ ఇంట్లో ఏవేవి కలిసి నడిచినప్పుడు పోతోందో చూసుకోండి. గీజరో హీటరో ఉంటే దానికి విడిగా లైను లాగించండి.

అన్నట్టు, అక్క పెళ్ళి క్యాసెట్టులో జీలకర్రాబెల్లం అయ్యాక నేరుగా అప్పగింతలే వస్తాయి. తాళి పెట్రోమాక్స్ వెలుతురులో కట్టారు, వీడియో లైటుకి కరెంటు లేదు.